చిగురు పన్ను

వాన తెరిపి ఇవ్వడం లేదు. 1879 జులై. కూనవరం దగ్గర శబరి ఎర్రగా పొంగి గోదావరిని ఢీకొంటోంది. ఆ పక్కనే రేకపల్లి కొండల కింద వడ్డిగూడెం ఠాణా. చూరు నుంచి నీళ్లు ధారకట్టాయి. లోపల తడిసిన తోలుపట్టీల వాసన. ఆముదం దీపం పొగ. బయట ఏ కొమ్మ విరిగినా జవాన్ల చెయ్యి తుపాకీ మీదికి పోతోంది.

నాలుగు నెలలుగా ఒకటే కబురు. రంపలో మన్యం లేచింది. మార్చిలో చోడవరం దగ్గర అంటుకున్న మంట, ఏప్రిల్లో విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు ఎగబాకి, పోలీసులు ఈ లోయలో ఆర్పేలోపు ఆ లోయలో రాజుకుంటూ, వాగులు దాటి, గుట్టలు చుట్టి, ఠాణా కనిపిస్తే చాలు మీద పడుతూ, ఇప్పుడు భద్రాచలం తాలూకా పొలిమేరలో వచ్చి నిలబడింది. ముందు నడుస్తున్నవాడి పేరు కూడా తెలిసిపోయింది. అంబుల్‌రెడ్డి.

వచ్చారు. విల్లంబులు, గొడ్డళ్లు, మందు కూరే నాటు తుపాకులు. వడ్డిగూడెం ఠాణా మీద పడ్డారు.

రేకపల్లి కూడా పోయిందన్న వార్త నది వెంట కిందికి దిగింది. రాజమండ్రి ఉలిక్కిపడింది. మద్రాసులో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు కొలువు దాకా ఆ కుదుపు తగిలింది. ఇది ఒక రాజు మీద తిరుగుబాటు కాదు. ఒక మతం కోసం కాదు. మొదలు ఎక్కడా అని వెతుక్కుంటూ వెళ్తే అది ఓ చెట్టు కింద తేలింది.

కల్లు చెట్టు.

ఆర్నెల్లు వెనక్కి వెళ్దాం. రంప కొండలు. తెల్లవారుజాము. మంచుకు ఆకులు చుక్కలు రాలుస్తున్నాయి. జీలుగు చెట్టుకు ఒంటి వెదురు ఆనించి ఉంది. గణుపు గణుపుకీ కొమ్మ మోడు వదిలేశారు. అదే నిచ్చెన. ఒకడు పాక్కుంటూ ఎక్కాడు. నడుముకు కత్తి. గెల కొసను గోటి మందాన, ఒక్క చివ్వు, చెక్కాడు. చెక్కిన చోట చుక్క ఊరింది. రాత్రి కట్టిన సొరబుర్ర నిండా నురగ. అంచున తేనెటీగలు, నురగలో మునిగి చచ్చిన చీమలు. కింద ఆకుదొప్పలు కుట్టుకుని పిల్లలు మెడలెత్తి చూస్తున్నారు.

పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. మర్నాటికి నోట పెట్టలేం. దాచిపెట్టే సరుకు కాదు, దూరపు సంతకు మోసే సరుకూ కాదు. చెట్టు ఎంత ఇస్తే అంత, గూడెం ఎంత తాగితే అంత. మత్తు నూటికి ఓ అయిదారు పాళ్లు. గాదె అడుగంటి, జొన్న అయిపోయి, బతుకు మామిడి టెంకల అంబలి దగ్గరికి వచ్చిన ఎండాకాలంలో కల్లే సగం తిండి. తాగి తూలినవాళ్లు లేరని కాదు. కానీ తాగుడుకు ఒక కాలం ఉంది, ఒక పొద్దు ఉంది, ఒక హద్దు ఉంది. ఆ హద్దు చెట్టే గీసింది.

ఆ ఉదయం చెట్టు మొదట్లో ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పులున్నాయి. చేతిలో కాగితం ఉంది.

"దిగు."

"దింపుతున్నా దొరా, బుర్ర నిండింది."

"బుర్ర కాదు. నువ్వు దిగు. చెట్టు ఇప్పుడు పాటదారుది. ఇంటి కోసం గీసినా కేసే."

"మా తాత గీసిన చెట్టు దొరా ఇది."

"మీ తాత రూకలు కట్టాడా?"

రంప కొండల్లో అలాంటి పొద్దు ఒక్క చెట్టు కిందే రాలేదు. మద్రాసు సర్కారు కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చింది. సొంత వాడకానికి కల్లు దించడం నిషిద్ధం. కల్లు రాబడి కంట్రాక్టర్లకు కౌలు. రంపను ఏలుతున్న మన్సబ్‌దారు అప్పటికే కల్లు మీద చిగురుపన్ను పిండుతున్నాడు. దాని నెత్తిన మొదలుపన్ను కూడా పడుతుందన్న మాట కొండ కొండకూ పాకింది. 1876-78 మహా కరువు ముగిసి ఎన్నాళ్లో కాలేదు. ఖజానాకు అబ్కారీ అంటే విత్తనం వెయ్యకుండా కోసే పంట. ఒక్క సంగతి మాత్రం ఇక్కడే చెప్పుకోవాలి. తాగుడు తగ్గాలని తెచ్చిన నిబంధన కాదిది. ఇంట్లో ఊరికే దొరికేదాన్ని దుకాణంలో డబ్బులిచ్చి కొనుక్కోవాలని తెచ్చింది.

డబ్బులు ఎక్కడివి?

మైదానం నుంచి షావుకార్లు వచ్చారు. ఉప్పు, బట్ట, నాలుగు రూపాయల అప్పు. తిరిగి తీర్చేది చింతపండుతో, ధాన్యంతో, వాళ్లు చెప్పిన తూకంతో. తీర్చలేదో, దావా. కోర్టు ఎక్కడో కింద ఉంది. సమను చదవడం ఎవరికీ రాదు. వాయిదాకు ఎవరూ పోలేదు. ప్రతివాది హాజరు కాలేదు కనుక డిక్రీ. జవాను వెంట రాగా అమీను వచ్చి అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల గొడ్లనూ గింజల్నీ తోలుకుపోయాడు. ఇది కట్టుకథ కాదు, గోదావరి జిల్లా గెజిటీర్‌లోకి సర్కారే ఎక్కించుకున్న లెక్క. దొడ్డి ఖాళీ అయింది. చెట్టు పరాయిదైంది. ఇక మిగిలింది గొడ్డలి.

1879 మార్చిలో అది లేచింది.

కారం తమ్మన్నదొర ఒక దిక్కు. ద్వారబంధాల చంద్రయ్య ఇంకో దిక్కు. చోడవరం చుట్టూ మన్యం కమ్ముకుంది. దారులు మూసుకుపోయాయి. అడ్డతీగల ఠాణాను చంద్రయ్య తగలబెట్టాడు. ఠాణాలనే ఎందుకు వెతుక్కుంటూ వెళ్లారు? పాటదారు కాగితం వెనక, షావుకారు డిక్రీ వెనక, మన్సబ్‌దారు పన్ను వెనక ప్రతిసారీ నిలబడ్డది ఆ ఎర్ర తలపాగానే. వాళ్ల కంటికి సర్కారు అంటే అదొక్కటే.

రేకపల్లికి కారణం వేరే ఉంది. అది కల్లు కాదు, పోడు. 1874 దాకా భద్రాచలం తాలూకా మధ్యపరగణాల్లో ఉండేది. అప్పుడు గొడ్డలికి నాలుగణాల పన్ను. ఒక గొడ్డలి చేతబట్టినవాడు ఎంత నరుక్కుంటే అంత, ఎక్కడ నచ్చితే అక్కడ. మద్రాసు కిందికి రాగానే పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లోకి అసలు అడుగు పెట్టొద్దన్నారు. కాబట్టి జులై వానలో అంబుల్‌రెడ్డి వచ్చినప్పుడు అతనికి ఎవరూ దారి చూపించాల్సిన పని పడలేదు. గూడేలే దారి అయ్యాయి.

మొత్తం మీద అయిదు వేల చదరపు మైళ్లు అంటుకున్నాయి.

సైన్యం దిగింది. పక్క జిల్లాల నుంచి వందల మంది పోలీసులు. మద్రాసు పదాతి దళాలు ఆరు. గుర్రపు దళం. సైనిక ఇంజినీర్లు (సాపర్స్ అండ్ మైనర్స్) రెండు కంపెనీలు. హైదరాబాద్ కంటింజెంటు నుంచి ఇంకో దళం. బూట్లు బురదలో కూరుకుపోయాయి. కనిపించే శత్రువు లేడు, వినిపించే తుడుం మాత్రం ఉంది. పగలు ఉక్క, రాత్రి దోమ. మన్యం జ్వరం బాణం కంటే ఎక్కువ మందిని పడగొట్టింది. మందుగుండు మోసుకుంటూ కొండ ఎక్కిన దళం డోలీలు మోసుకుంటూ దిగింది. పితూరీదార్లు ఎక్కడున్నారంటే ఊళ్లో ఎవరికీ తెలియదు. రాత్రి వాళ్లకు అన్నం పెట్టిన చేతులే పొద్దున సైనికులకు దారి తప్పించాయి.

1880 ఫిబ్రవరిలో చంద్రయ్య హతమయ్యాడు. జూన్‌లో తమ్మన్నదొర పోలీసు తూటాకు కూలాడు. దొరికినవాళ్లు జైళ్లకు పోయారు. కానీ అప్పటికి మద్రాసు రెవెన్యూ బోర్డు మొదటి మెంబరు సలివన్ వచ్చి విచారణ చేసి వెళ్లాడు. ఆయన తేల్చింది సైన్యానికి నచ్చే సంగతి కాదు.

మన్సబ్ రద్దు. కొండ ఊళ్ల పెద్దలైన ముఠాదార్లకు నేరుగా పట్టాలు. కల్లు మీద పన్నుల పీడ పోయింది. కొండవాళ్లు ఇంటికోసం కల్లు దించుకోవచ్చు. సర్కారుకు అర్థమైంది. ఆరు దళాల ఖర్చు అయ్యాక అర్థమైంది.

కొండ మీద కల్లు వేలంపాట ఆగింది. కింద ఆగలేదు.

1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. నది ఇవతలి ఒడ్డున, పాల్వంచ వైపు, నిజాం రాజ్యంలోనూ అబ్కారీ గుత్తలే. తెల్లవాడు వెళ్లాడు, నిజాం వెళ్లాడు. వేలంపాట మాత్రం అలాగే కూర్చుంది. ఏటా ఓ రోజు కలెక్టరు కచేరీలో బల్ల వేసేవారు. తలుపు బయట జీపులు. లోపల చెమట, అత్తరు, సిగరెట్టు పొగ. పాట పాడినవాడు నెల నెలా కిస్తీ కట్టాలి. తాగేవాళ్లు తగ్గారని సర్కారు కిస్తీ తగ్గించదు. కనుక తాగేవాళ్లు తగ్గకూడదు. జబ్బంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

అప్పటికి అమ్మేది కల్లు కూడా కాదు. సారా. కల్లుకు అయిదారు రెట్లు ఘాటు. సాయంత్రానికి చెడదు. నెలల తరబడి ఉంటుంది. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం 'వారుణి వాహిని' అని పేరు పెట్టి దాన్ని ప్లాస్టిక్ పొట్లాల్లో పోసింది. పొట్లం జేబులో పడుతుంది. సైకిలు సంచీలో వంద పడతాయి. నాట్ల పొలం గట్టు మీదికి, రోడ్డు పని గుట్ట దగ్గరికి, అడవిలో బీడీ ఆకు కల్లం దాకా అది నడిచి వెళ్లింది. డబ్బులు లేవా, రేపివ్వు. అబ్కారీ రాబడి 1970-71లో 39 కోట్లు. 1991-92కి 812 కోట్లు.

ఏజెన్సీకి ఇది కూడదని ఢిల్లీకి తెలియక కాదు. గిరిజన ప్రాంతాల్లో వ్యాపారంగా మద్యం అమ్మడం మానండి, సంప్రదాయంగా ఇంట్లో చేసుకునేదాన్ని వదిలేయండి అని 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు సూచనలు పంపింది. రంప పితూరీ నాడు సలివన్ చెప్పిందీ దాదాపు అదే. సూచన ఫైల్లోకి పోయింది. పొట్లం గూడెంలోకి పోయింది. తొంభైల మొదట్లో అన్నలు, అంటే నక్సలైట్లు, తెలంగాణ పల్లెల్లో సారా బంద్ అన్నారు. మరి పోలీసులు? కంట్రాక్టరుకు కాపలా కాసి మరీ అమ్మించారు. 1992లో పౌరహక్కుల నేత కె.బాలగోపాల్ ఈ వైనమంతా రాశారు. తుపాకీ అటూ ఉంది, ఇటూ ఉంది. మధ్యలో కిస్తీ ఉంది.

దాన్ని ఆపింది తుపాకీ కాదు. పలక.

నెల్లూరు జిల్లా దూబగుంట. రాత్రి బడి. లాంతరు చుట్టూ పురుగులు. పగలంతా వంగి నాట్లేసిన ఆడవాళ్లు నడుములు పట్టుకుని కూర్చున్నారు. అక్షరాస్యతా ఉద్యమం పుస్తకంలో పాఠం 'సీతమ్మ కథ'. తాగొచ్చే మొగుడు, ఖాళీ కుండ, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా కొట్టు మూయించడం. ఒకరు కూడబలుక్కుంటూ చదువుతున్నారు. మిగతావాళ్లు వింటున్నారు. పుస్తకంలో ఉన్నది ఎవరి ఇల్లో అందరికీ తెలుసు. పాఠం అయిపోయింది. ఎవరూ లేవలేదు.

"పుస్తకంలో వాళ్లు మూయించారు సరే. మనమో?"

వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది. కొట్టుకు ఎదురుగా నిలబడ్డారు. సారా ఊళ్లోకి రానివ్వలేదు. కబురు పక్క ఊరికి పోయింది, అక్కడి నుంచి ఇంకో ఊరికి పోయింది, చీపుర్లు, రోకళ్లు, కొంగున కారప్పొడి, పట్టుకున్న పొట్లాలు నడిబజార్లో పగిలి పారి మట్టి ఘాటెక్కి, తాగొచ్చిన మొగుడికి ఆ పూట అన్నం లేక, 1992 నడిచేసరికి వందల ఊళ్లు కదిలాయి. ఇక వాళ్లు కొట్టు దగ్గర ఆగలేదు. కొట్టు ఎక్కడ పుడుతుందో అక్కడికి వెళ్లారు.

వేలంపాట దగ్గరికి.

నెల్లూరులో పాట తేదీ వేశారు. వాయిదా. మళ్లీ వేశారు. మళ్లీ వాయిదా. బయట వేల మంది ఆడవాళ్లు కూర్చుని ఉంటే లోపల పాట పాడే గొంతు లేవలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా బంద్. అదే ఏడాది అక్టోబర్ 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించింది. ఖమ్మం, భద్రాచలం సహా. రంప చల్లారిన నూట పదమూడేళ్లకు సారా పాటకు తెర పడింది. ఏడాది తర్వాత, 1994 డిసెంబర్ 12న, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంపూర్ణ మద్యనిషేధం మీద తొలి సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమలు. గెలిచినట్టే అనిపించింది.

రెండేళ్లు తిరిగాయి. 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఖజానా ఖాళీ అన్నది ఒక కారణం. రెండోది వాగు ఒడ్డున పొదల్లో మరుగుతోంది.

గుడుంబా. నల్లబెల్లం, పటిక, నవసాగరం. డ్రమ్ములో వారం పులిస్తే బుడగలు. కింద మంట, పైన కుండ, గొట్టం గుండా చుక్క. కొలత లేదు, లైసెన్సు లేదు. తండాల్లో ముప్పై దాటని భర్తల ఫొటోలకు దండలు పడ్డాయి. తెలంగాణ వచ్చాక 2015లో ప్రభుత్వం గుడుంబాకు విరుగుడుగా చీప్ లిక్కర్ తెస్తానంది. గొడవైంది. చివరికి వెనక్కి తగ్గింది. తర్వాత డ్రమ్ములు పగలగొట్టారు, బెల్లం పట్టుకున్నారు, వృత్తి మానేసిన కుటుంబానికి 2 లక్షల పునరావాసం అన్నారు. సరఫరా మీద దెబ్బ గట్టిగానే పడింది. తాగే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఎవరూ అడగలేదు. జవాబు వేరే దిక్కు నుంచి వచ్చింది.

2015 సెప్టెంబర్. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. ఓపీ వరండాలో చెప్పుల గుట్ట. లోపల వణుకు. మంచాలు కిరకిరమంటున్నాయి. ఒకడు గోడ మీద లేని పురుగుల్ని దులుపుతున్నాడు. ఇంకొకడికి ఫిట్స్. పడిపోకుండా చేతుల్ని చీర ముక్కలతో మంచానికి కట్టేశారు.

"నిన్నటి దాకా బాగానే ఉన్నాడు సారూ. కల్లు దొరక్క ఇట్లైండు."

అది కల్లు కాదు. డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు. చెట్టు పెట్టిన హద్దు పోయి మందుగుళిక చేతికి వచ్చిన కల్లు. అధికారులు కల్తీని ఒక్కసారిగా ఆపేశారు. ఆపడం తప్పు కాదు. ఏళ్ల తరబడి అలవాటైన ఒళ్లు ఒక్క పూటలో ఒప్పుకోదు, అంతే. మద్యమైనా ఇదే కథ. బాగా తాగే మనిషి చటుక్కున మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. వారం పది రోజులు మందులతో మెల్లగా దించాలి. కానీ ఆ మంచం ఎక్కడుంది? ఎయిమ్స్ 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఏదో ఒక వైద్యం అందుతున్నది ఒక్కరికి. తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు నూటికి 43 మంది అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆడవాళ్లు నూటికి దాదాపు ఏడుగురు.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు పనులు చెప్పింది. దొరకడం తగ్గించు. తాగి బండి నడిపేవాణ్ని ఆపు. వైద్యం దగ్గరికి తీసుకురా. ప్రకటనలు మూయించు. ధర పెంచు. వైద్యం అంటే పెద్ద ఆస్పత్రే అక్కర్లేదు. ఆ సంస్థే తయారు చేసిన పది ప్రశ్నల చీటీ ఒకటుంది. పీహెచ్‌సీలో నర్సు అయిదు నిమిషాల్లో అడిగేయొచ్చు. వారానికి ఎన్నిసార్లు? పొద్దున్నే చుక్క కావాలా? ముదరని దశలో ఉన్నవాడికి ఆ ప్రశ్నలూ, తర్వాత నాలుగు మాటలూ చాలాసార్లు పనిచేస్తాయి. జ్వరం బిళ్ల కోసం ఎంతమంది వచ్చినా ఆ పది ప్రశ్నలు అడిగే తీరిక మాత్రం ఏజెన్సీ పీహెచ్‌సీలో దొరకదు.

ఇక ధర పెంచడం. అది కాగితం మీద తేలిక. భద్రాచలంలో తేలిక కాదు.

2014లో పోలవరం ప్రాజెక్టు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. కూనవరం అటు. వడ్డిగూడెం ఉన్న వి.ఆర్.పురం అటు. భద్రాచలం పట్టణం ఇటు. ఊరి చివర చెక్‌పోస్టు, దాని అవతల ఇంకో రాష్ట్రం, ఇంకో మద్యం ధర. 2019 తర్వాత ఆంధ్రలో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, ధరలు ఎగిరాయి, తెలిసిన బ్రాండ్లు మాయమయ్యాయి. తెలంగాణ సీసాలు సరిహద్దు దాటడం మొదలెట్టాయి. ఆటో సీటు కింద, పాల క్యాను అడుగున, అర్ధరాత్రి అడవి బాటన. పట్టుకున్నవి రోడ్డు రోలరు కింద పోశారు. 2024 అక్టోబర్‌లో ఆంధ్ర మళ్లీ ప్రైవేటు దుకాణాలు తెరిచింది. క్వార్టరు 99 రూపాయలకే అని చెప్పి మరీ తెరిచింది. ఒకే అడవి, ఒకే కోయగూడెం చుట్టాలు, అటొక ధర ఇటొక ధర. ఏ ఒక్క రాష్ట్రం ధర పెంచినా పక్క రాష్ట్రం సీసా దాన్ని కోసేస్తుంది.

మరి పాట? సారా పాట పోయింది. దాని చోట డ్రా వచ్చింది. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, దుకాణం తగలకపోయినా తిరిగి రావు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల పైన. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటాయి. నంబరు చదువుతారు. ఒకడు ఎగిరి గంతేస్తాడు. పక్కవాడు రుమాలు తీసి మొహం తుడుచుకుంటాడు. పెట్టినది రాబట్టుకోవాలి కదా. కిస్తీ పేరు మారింది గానీ లెక్క మారలేదు.

ఏజెన్సీలో ఒక చిక్కుముడి ఉంది. 1996 డిసెంబర్ 24న వచ్చిన పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం, నాలుగో సెక్షన్. మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉంటుందని అందులో రాసి ఉంది. ఇప్పపువ్వు లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు కూడా అదే చోట, పక్క పక్కనే. ఆంధ్రప్రదేశ్ దీనికి 2011లో నియమాలు రాసుకుంది. తెలంగాణకూ అవే వచ్చాయి. రంపలో సైన్యాన్ని దింపి నేర్చుకున్న పాఠాన్ని చట్టంలో ఎక్కించడానికి నూట పదహారేళ్లు పట్టింది. అది చేతిలో ఉంటే చాలదా?

రచ్చబండ చుట్టూ చాపలు. హాజరు పుస్తకం. మైకులో కార్యదర్శి గొంతు. షెడ్యూల్డ్ ప్రాంతంలో దుకాణం గిరిజనుడి పేరునే ఉండాలి. లైసెన్సు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది అన్న గుసగుస సభలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ దుకాణం గురించి అడిగితే సభ ఏదో ఒకటి చెప్పగలదు. వద్దనీ అనొచ్చు, ఊరికి దూరంగా పెట్టమనీ అనొచ్చు.

కానీ గూడెంలో తాగే సీసా ఎక్కువగా ఆ దుకాణం ముందు తాగేది కాదు. అది అట్టపెట్టెలో, బైక్ వెనక కట్టుకుని, కిరాణా కొట్లో ఉప్పు ప్యాకెట్ల వెనక దిగి, క్వార్టరుకు ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువేసుకుని బెల్టు షాపు పేరుతో పొద్దున ఆరింటికే అమ్ముడవుతుంది. దానికి లైసెన్సు లేదు. కాబట్టి తీర్మానం అడగడానికి ఏ అధికారీ రాడు. అజెండాలో అది ఉండదు. వీధి దీపాలు, ఉపాధి కూలీ బకాయి, రేషన్ కార్డు పేర్లు చదువుతూ పోతారు. వెనక వరుసలో ఒకామె చెయ్యెత్తి పొద్దున ఆరింటి కొట్టు సంగతి ఎత్తితేనే అది పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎత్తితే, కొట్టువాడు ఎవరో కాదు, ఆమె ఆడపడుచు కొడుకే అయి ఉంటాడు.